ప్రసాదం పంచింది నేనే

అక్కా,

నీ పాదాలకు మొక్కి, గిద్దలూరు నుంచి నీ చెల్లెలు రమణమ్మ రాస్తున్నది. నాయన మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పుల్లలచెరువులో మీ వీధికి నీళ్ళ ట్యాంకరు వస్తోందా? నేను బాగానే ఉన్నాను. గది బాగుంది, వేళకు తింటున్నాను. ఫోనులో ఇంతవరకే చెప్పాను. నాయన పక్కనే ఉంటాడని మిగతాది చెప్పలేక రాస్తున్నాను.

ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను నర్సింగ్ సూపరింటెండెంటుగా తీసుకున్నారు కదా. చేరిన రెండో శనివారం స్వామికి పొంగలి పెట్టి, వార్డులో నా చేత్తోనే పంచాను. ఆ వరుసలో గొర్రెలు కాసే పెద్దాయన ఒకరున్నారు. ఆ రోజే ఆయనకు హెర్నియా ఆపరేషన్. ఏమీ తినకూడదని మంచానికి అట్ట కట్టి ఉంది. ఇన్నేళ్ళుగా నర్సు పిల్లలకు ఆ అట్ట చూడమని చెప్పినదాన్ని, నేనే చూడలేదు.

మత్తు డాక్టరు అడిగితే, "గుక్కెడు నీళ్ళు గూడ తాగలేదు సారూ. పెద్ద నర్సమ్మ ప్రసాదం పెడితే తిన్నా. దేవునిది వద్దంటానా?" అన్నాడట. ఆపరేషన్ ఆపేశారు. మందను ఎవరికో అప్పగించి వచ్చిన కొడుకులు గొడవకు దిగారు.

మేనేజరు నన్ను పిలిచి, "సూపరింటెండెంటే తప్పు చేసిందంటే మన పరువేం గావాల? డ్యూటీలో ఉన్న పిల్ల మీద మెమో రాయండమ్మా" అన్నాడు. ఆ పిల్ల పేరు శిరీష. నేను పంచేటప్పుడు డ్రెస్సింగ్ గదిలో ఉంది. "మీరే గదమ్మా పెట్టినారు" అని మెల్లగా అంది. నేను తల ఎత్తకుండా సంతకం చేశాను. మర్నాటి నుంచి ఆ పిల్లను రావద్దన్నారు.

ఇప్పుడు నేను వార్డులోకి వస్తే నర్సులు మాటలు ఆపేస్తారు. ఒక్కదాన్నే కూర్చుని తింటున్నాను. దేవుని ముందు కూర్చున్నా మనసు నిలవడం లేదు.

నిన్న అర్ధవీడు పోయి శిరీష ఇల్లు వెతుక్కున్నాను. ఆ పిల్ల లేదు. వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చి, "ఏందమ్మా, ఇంత దూరం నువ్వే వచ్చినావు. మా పిల్ల ఏం తప్పు చేసిందో, అడిగితే చెప్పదు. మనసులో పెట్టుకోవాకు తల్లీ" అని నా చేతులు పట్టుకుంది. మజ్జిగ తాగి వచ్చేశాను.

రేపు జరిగింది జరిగినట్టు రాసి మేనేజరుకొకటి, శిరీషకొకటి ఇస్తాను. ఇక ఈ కుర్చీ నాకుండదు. నాయన ఊరంతా నా గొప్ప చెప్పుకుంటున్నాడని తెలుసు. ఇంకెవరి నోటో వినకముందే, నా పని ఎందుకు పోయిందో ఆయనకు నువ్వే చెప్పు.

బావకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. ఈసారి దీవెనలు నాకు వద్దు. ఆ పిల్లకు పని దొరకాలని దీపం పెట్టు.

ఇట్లు,
నీ చెల్లెలు
రమణమ్మ