పలక మీద రెండు దెబ్బలు

ఆదోని,
12-7-1978

భీమన్నకు నీ శాంత నమస్కారాలు. ఇంటి సంగతులు ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు నా ఒళ్లు మండిపోతోంది.

మన వసంతను బడిలో చేర్చానని రాశాను కదా. ఎనిమిదేళ్లొచ్చినా నా బిడ్డకు మాట రాలేదు, ఎవరి మొహమూ చూడదు. కానీ అన్నీ వింటుంది. పేరు పెట్టి పిలిస్తే, చేతికందిన దాని మీద రెండుసార్లు కొట్టడం రెండేళ్లు కూర్చుని నేర్పాను. అదే దాని "ఆఁ". ఇంట్లో చెంబు మీద కొడుతుంది. బడిలో హాజరు పిలిచినప్పుడు పలక మీద కొట్టింది. శేషన్న సార్‌కు అది అల్లరిగా కనిపించిందట. స్కేలుతో వేళ్ల మీద బాది, గైరుహాజరు వేశాడు. ఒక్కరోజు కాదన్నా, పన్నెండు రోజులు! పిల్ల రోజూ పలికింది, రోజూ తన్నులు తింది. వేళ్లు వాచి అన్నం కలుపుకోలేకపోతే, బడి ఊడ్చే సుంకమ్మ వచ్చి చెప్పింది నాకు.

వెళ్లి అడిగితే ఏమన్నాడో తెలుసా? "నోట్లోనుంచి 'హాజరు సార్' అని వస్తేనే నేనేసేదమ్మా. గవర్నమెంటు రిజిస్టరిది. అయినా మూగపిల్లకు బడి యాల?"

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో దర్జాగా వచ్చిపోతున్నాడు. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో నువ్వుండేది టీచర్ల బదిలీల సెక్షనే కదా. తుగ్గలి అవతల బస్సు పోని ఊరికి పారెయ్యి వాణ్ణి. నడిచి నడిచి కాళ్లు వాయాలి. తోడబుట్టినదాని మీద ప్రేముంటే ఈ నెలలోనే ఆర్డరు రావాలి.

నీ చెల్లెలు
శాంతాబాయి


ఆదోని,
9-8-1978

అన్నా,

నీ నోట్లో చక్కెర పోయ, ఆర్డరొచ్చింది! వాడి మొహం చూద్దామని పనిగట్టుకుని బడికి వెళ్లాను. మాడిపోయి ఉంది. నా కడుపు నిండింది. అంతలో హాజరు మొదలుపెట్టాడు. "వసంతా" అనగానే నా బిడ్డ రెండు చేతులూ తొడల కింద దాచుకుంది. రెండేళ్లు నేర్పిన పలుకును పన్నెండు రోజుల్లో మాన్పించాడు పాపిష్టివాడు! వాణ్ణి నరకాలనిపించింది.

పక్కనున్న సుంకమ్మ, "పోతాడులేమ్మా. ఆ ఊర్లో ఇట్లాంటి బిడ్డ ఎవురుండాదో పాపం" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ బిడ్డ తల్లికి ఆఫీసులో అన్న ఉండడు కదా.

ఆర్డరు ఆపించు. జాలిపడి అడగడం లేదు. హెడ్మాస్టరును అడిగి మూడు రోజులుగా ఆ తరగతి గడప దగ్గరే కూర్చుంటున్నాను. చెప్పినట్టు వింటే ఆర్డరు ఆపిస్తానని, వినకపోతే తుగ్గలి ఉండనే ఉందని వాడితో చెప్పాను. స్కేలు బీరువాలో పెట్టించాను. వసంత పేరు పిలిచి, నేను నూరు లెక్కపెట్టేదాకా దాని పలకనే చూస్తూ నిలబడతాడు. అది ఇంకా చేతులు తియ్యలేదు. అయినా హాజరు వేస్తున్నాడు.

నిన్న ఉండబట్టలేక, "ఇంకెన్నాళ్లు కూసుంటావమ్మా ఈడ?" అన్నాడు.

"మీ రిటైర్మెంటు ఎప్పుడు సార్?" అని అడిగాను.

ఇంకా పదకొండేళ్లున్నాయట. నాకేం తొందర లేదు.

నీ
శాంత