దొరసాని మన పుల్లిని పిలిచింది

రూతూ, నువ్వు పోయి నేటికి ఏడాది. కట్టుకున్నదానివి, ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు తోచదు.

యుద్ధం అయిపోయాక పుంగనూరు మిషన్ బడికి ఇంగ్లీషు చెప్పడానికి కొత్త దొరసాని వచ్చింది. దొరల దేశంలో ఆవుల్ని కూడా ఇంగ్లీషులోనే పిలుస్తారా అని నువ్వు అడిగేదానివి కదా. నీ బదులు నేనే పోయి అడిగాను.

"మా తండ్రియు ఆవులను పెంచును. మీ ఆవు ఎక్కడ ఉన్నది?" అంటూ నా వెంట బీడుకు వచ్చింది. మాటంతా బైబిలు తెలుగే.

నువ్వు పోయినప్పటి నుంచి పుల్లి నేను ఎంత అరిచి పిలిచినా రాదు. తాడేసి ఈడ్చుకు రావాల్సిందే. అమ్మేద్దామనే అనుకున్నాను.

దొరసాని గట్టెక్కి "కమ్ బాస్, కమ్ బాస్" అని, వాళ్ళ నాన్న ఆవుల్ని పిలిచే పిలుపుతో గొంతెత్తి పిలిచింది. పుల్లి తల కూడా ఎత్తలేదు.

"నీ ఇంగ్లీషు దానికి తెలీదులే తల్లీ, అది ఈడ పుట్టిండాది," అన్నాను.

"అయితే మీరు పిలువుడి."

ఆవును ముద్దుగా పిలవడం మగవాడి పనా? అయినా నీలాగే "దా పుల్లీ, దామ్మా, దా" అన్నాను. అది నేరుగా వచ్చి నా చెయ్యి నాకింది.

దొరసాని ఆ పిలుపు పట్టుబడేదాకా నాచేత చెప్పించుకుంది. పుల్లిని ఇక అమ్మను.

ఆమె వాళ్ళ ఊరికి పోయి నీలాగా పిలిస్తే, అక్కడి ఆవులు వస్తాయంటావా?