పెళ్ళికానుకగా రెండో సంపుటం

మార్చి 9, ఉదయం

చిరంజీవి మనవరాలికి,

ఒకప్పుడు మీ తాతకు ప్రాణస్నేహితుణ్ణని చెప్పుకు తిరిగిన బైండరు ఆశీర్వదించి రాయునది. నేను బతికే ఉన్నాను. అంతకు మించి క్షేమం రాయడానికి లేదు.

శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఇప్పటికే మూడు మిక్సీలొచ్చాయి తాతయ్యా, మీరు నాలుగోది తెచ్చారంటే పెళ్ళి మానేస్తానని బెదిరించావు. మీ చేత్తో చేసిందేదైనా చాలన్నావు. అయినా నిన్న దుకాణానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నూనె లేకుండా వేయించే పెట్టెను చూపించి, ఈ కాలం జంటలకు ఇదే కావాలి పెద్దాయనా అంది. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి పనికొచ్చే యంత్రమేమైనా ఉందా అని అడిగాను. నవ్వలేదు.

అందుకే నా దగ్గరున్న నిఘంటువు రెండో సంపుటం పంపుతున్నాను. 'ప'తో మొదలవుతుంది. మొదటిది మీ ఇంట్లో వెతికించు. పెళ్ళిపూట ఈ ముసలాడు పాతవి తవ్వుతాడేమిటి అంటావేమో. ఇరవై ఆరేళ్ళుగా తవ్వుతూనే ఉన్నాను.

ఆ రెండూ మా ప్రెస్సువి. మీ తాత అక్కడ ప్రూఫ్‌రీడరు. అట్టలు ఊడాయని నా గదికి తెచ్చి ఇచ్చాడు. వారం తిరిగేసరికి మొదటిది లేదు. నా గదికి వచ్చిపోయేది అతనొక్కడే. యజమానికి ఆ మాటే చెప్పాను. అతని ఉద్యోగం పోయింది. వెళ్తూ వెళ్తూ, ఒరేయ్, ముందు నీ బల్ల మీద చెత్త తీసి వెతుక్కోరా అన్నాడు. దొంగతనం చేసి పైగా ఎగతాళా అనుకున్నాను. తర్వాత అతన్ని ఏ ప్రెస్సూ చేర్చుకోలేదనీ, సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపాడనీ విన్నాను. జాలిపడలేదు. పోయినేడు పోయాడని తెలిసినా రాలేదు. వేల పుస్తకాలు చదివాను. వాటిలో దొంగలైనా చివరికి ఒప్పుకుంటారు. మీ తాత ఒప్పుకోలేదు.

మీరిద్దరూ సుఖంగా ఉండండి. ఒకరినొకరు నమ్మేముందు కాస్త ఆలోచించుకోండి.

ఇట్లు,
బైండరు తాత

తా.క. సాయంత్రమైంది. సంపుటానికి పెట్టె చేసి, జిగురు ఆరేదాకా ఎప్పుడూ పెట్టే బరువే దానిమీద పెట్టబోయాను. రెండు చెక్కల మధ్య తాడుతో బిగించిన చిత్తుకాగితాల కట్ట అది. ఇరవై ఆరేళ్ళుగా నేను అట్ట వేసిన ప్రతి పుస్తకమూ దాని కిందే ఆరింది. ఇవాళ ఎత్తుతుంటే తాడు తెగింది. పైన చుట్టిన కాగితం విప్పితే 'అ' కనబడింది. కుట్టు పూర్తయిన మొదటి సంపుటం. చదును కావడానికి నేనే చుట్టి బిగించి ఉంటాను. ఆ వారం నాకు ఒళ్ళు తెలియని జ్వరం. లేచాక చిత్తుకాగితాలే అనుకున్నాను.

పై ఉత్తరం చించబోయి ఆగాను. మీ తాతను నేనెన్ని మాటలన్నానో నీ దగ్గరైనా రుజువు ఉండాలి.

పెళ్ళికి రాను. రెండు సంపుటాలూ పంపుతున్నాను. మొదటిదానికి అట్ట వేద్దామనే కూర్చున్నాను. పైన పెట్టడానికి బరువు లేదు.