జోగమ్మ ఉద్యోగంలో చేరింది

సత్యవతక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు కొవ్వూరులో మన పిల్లల రక్షణ కేంద్రంలో జోగమ్మ ఉద్యోగంలో చేరింది. చిన్నప్పుడు రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో పనిచేస్తూ దెబ్బలు తిన్న కోయపిల్ల, గుర్తుందా? ఆయన గేటు తియ్యనంటే, "పిల్లను చూడందే కదలనండి" అని నువ్వు ఎండలో అక్కడే కూర్చున్నావు. పోలీసులు వచ్చి పిల్లను నీకు అప్పగించేదాకా లేవలేదు.

మధ్యాహ్నం ఓ చిన్నపిల్లను తీసుకొచ్చారు. తెలుగు రాదు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. జోగమ్మ నేలమీద కూర్చుని కోయ భాషలో ఏదో చెప్పింది. పిల్ల మెల్లగా వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది.

"ఏం చెప్పావమ్మా?" అని అడిగాను.

"నన్ను కూడా ఇలాగే ఓ అక్క తీసుకొచ్చింది, ఆ తర్వాత నన్ను ఎవరూ కొట్టలేదు అని చెప్పానండి," అంది.