చేట తిరిగిన పేరు

కుందుర్పి పోస్టు,
28-9-1980

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు రామాంజినమ్మకు,

పక్కింటి అన్న హనుమంతప్ప ఆశీర్వదించి రాసేది. మీరు ధర్మవరంలో పిల్లాపాపలతో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ అమ్మ ప్రాణంతోనే ఉంది, ముందు ఆ మాట చదువుకో.

మూడో ఏడూ వాన లేదు. వేరుశనగ చేలోనే మాడిపోయింది. బావి అడుగునీళ్లు తాగి శ్రావణంలో ముగ్గురు పిల్లలు వాంతులు, భేదులతో పోయారు. నీళ్ల వల్లేనంటే వినేవాడు లేడు. ఎవరో చేతబడి చేశారని, పెద్దమనుషులు ఎక్కడినుంచో మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు చేటకు కత్తెర గుచ్చి, చెరో పక్క ఇద్దరి వేళ్ల మీద నిలబెట్టి, ఒంటరి ఆడవాళ్లవీ, తనకు అనుమానం ఉన్నవాళ్లవీ పేర్లు చదివించాడు. చేసినదాని పేరు రాగానే చేట తిరుగుతుందట. ఒక పక్క ఓబుళేసు పట్టుకున్నాడు, ఇంకో పక్క ఇంకొకరు. కదిరమ్మ అని మీ అమ్మ పేరు చదవగానే చేట తిరిగింది.

పెద్దమ్మ బెదరలేదు. నాకు మంత్రాలే వస్తే ముందు వాన కురిపిచ్చుకోనా, ఏమప్పా, మీకు బుద్ధి ల్యాదా అని అడిగింది. పళ్లు లేని నోట మంత్రం పలకదని, పట్టకారుతో ముందరి పళ్లు నాలుగు పీకేశారు. ఆమె పురుడు పోసిన బిడ్డలే పెరిగి ఆమె చేతులు అదిమి పట్టుకున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. నా బతుకు మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇప్పుడు మా కొట్టంలో పడుకోబెట్టాను. మహాలయ అమావాస్య లోపల ఊరు విడవకపోతే కాల్చేస్తామన్నారు. పోలీసుల దగ్గరికి పోదామంటే తోడు వచ్చేవాడు లేడు. ఆమేమో, మీ నాయన సమాధి ఈడనే ఉండాది, యాడికీ రానంటుంది. నువ్వు చెబితేనే వింటుంది. వెంకటేశులు బావను తీసుకొని వెంటనే రా. ఊళ్లోకి రాకుండా గుట్ట పక్క దారిన నేరుగా కొట్టానికి రండి.

ఏమీ చేయలేని
అన్న హనుమంతప్ప

తా.క.: అసలు సంగతి దాచి ఈ జాబు అంటించలేకపోతున్నాను. చేటకు రెండో పక్క పట్టుకున్నది నేనే. అది తిరగలేదు, నా వేలితో నేనే తిప్పాను. అప్పటికి మిగిలినవి రెండే పేర్లు. మీ అమ్మది దాటిపోతే మిగిలేది నా భార్య, మీ వదిన నాగలక్ష్మమ్మది. పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చొని, ఊళ్లో ఒప్పుకుంటానని చెప్పాను. వద్దప్పా, దానికి సన్నపిల్లలుండారు, నోరు మూసుకో అనింది. మూసుకొనే ఉన్నాను చెల్లెలా.