నాయన చెప్పులకు పట్టీ

బుధవారం, ఫిబ్రవరి 1946

ఈ రోజు మా మాదిగపల్లె వాళ్లం కాళ్లకు చెప్పులతోనే పెద్దవీధిలో నడిచాం. పలమనేరు సంతకు దారి అదే. ఊరందరికీ చెప్పులు కుట్టేది మేమే, ఆ వీధికి వచ్చేసరికి మాత్రం మావి విప్పి చేత పట్టుకోవాలి. ఇకమీదట పట్టుకోం. ఎవరేమన్నా తగువు పడకూడదు, ఆగకూడదు అనుకుని బయలుదేరాం.

పెద్దరెడ్డి అరుగు మీద నుంచి లేచాడు. "ఏమిరా మునెప్పా, కండ్లు నెత్తికెక్కినాయా?"

ముందు నడుస్తున్న నాయన తల వంచలేదు. "సంతకు పోతా ఉండాము సామీ" అని మామూలుగా చెప్పి సాగిపోయాడు. నా గుండె నిండిపోయింది.

వీధి చివర కరణం ఇల్లు తాళం వేసి ఉంది. మనిషి జాడ లేదు. సరిగ్గా అక్కడ నాయన వంగి చెప్పులు విప్పేశాడు. "నాయనా" అన్నాను. చేతిలోని చెప్పుల వంక ఎవరివో అన్నట్టు చూసి, మళ్లీ తొడుక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు.

రెడ్డి సంగతి చూసుకుంటాం, నాకా ధైర్యం ఉంది. కానీ తాళం వేసిన ఇంటికి కూడా వంగే అలవాటును ఏం చేయాలి? సాయంత్రమంతా ఇదే దిగులు.

అన్నం తిన్నాక నాయన దీపం దగ్గర తోలుకు బెజ్జం వేసే ఆరె, దారం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం కుడతా ఉండావు నాయనా?"

"మడమెనక తోలు పట్టీ పాపా. రేపు మళ్లా ఈ చెయ్యి చెప్పుల మీదికి పోతే, పట్టీ ఊడేలోపల నాకు గ్యాపకం వస్తాది."