మీరు కాలవలో పారేసిన మాత్రలు

మామయ్యగారూ,

ఇవాళ మీ సంవత్సరికం. మీ ఫొటోకి దండ మీ అబ్బాయే వేశారు. నేను వెయ్యలేదు.

ఆయన చేత మత్తు ఇంజెక్షన్లు మాన్పించడానికి డాక్టరుగారు మాత్రలిస్తే, "ఒక మత్తుకి ఇంకో మత్తా? మగాడన్నాక మనసు గట్టిగా ఉండాలి" అని మీరు వాటిని బందరు కాలవలో పారేశారు. రెండుసార్లు అదే పని చేశారు. రెండుసార్లూ ఆయన మళ్లీ సూది పట్టారు. మీరు పోయాక నేనే ఆయన్ని ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుని, ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేస్తున్నారు.

భోజనాల దగ్గర మీ తమ్ముడు, "మీ నాన్నుంటే ఎంత సంతోషించేవాడ్రా" అన్నారు.

"ఆయనుంటే నేనుండేవాణ్ణి కాదు బాబాయ్" అన్నారు మీ అబ్బాయి.

అందరూ నా వైపు చూశారు. నేను సర్దిచెప్పలేదు. మీ తమ్ముడి విస్తట్లో ఇంకో గారె వేశాను.